జీపు నుండి పికప్ దాకా: మన త్రోవల్లో ఒక బండి చరిత్ర

జగిత్యాల మార్కెట్ యార్డు ముందట గానీ, కోరుట్ల రోడ్డు పక్కన గానీ, సిరిసిల్ల మరమగ్గాల కార్ఖానాల సందుల్లో గానీ తెల్లవారక ముందే వచ్చి నిలబడే వాహనం నేడు పికప్. వెనుక తొట్టి, ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్. మామిడికాయ, పసుపు, వడ్లు, బట్ట బేళ్లు, పెళ్లి సామాను, ఇల్లు మారేవారి మంచాలు అన్నీ అందులోనే. మన సంఘ సభ్యుల కుటుంబాలలో ఈ బండి మీద బ్రతికేవారు కొందరు, దీన్ని బాగుచేసి బ్రతికేవారు కొందరు, గల్ఫ్‌లో దీన్ని నడిపి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవారు కొందరు వున్నారు. అయినా ఈ బండికి ఒక చరిత్ర వున్నదని, అందులోని ప్రతి లివరు, ప్రతి దీపం ఏదో ఒక అవసరం కొద్దీ పుట్టినదని మనవాళ్లలో చాలామంది ఆలోచించరు. చరిత్ర తెలియక పోవుట వల్ల నష్టమేమిటి అని అడుగవచ్చును. ఈ విషయంలో నష్టం రూపాయల్లోనే కాక ప్రాణాల్లో కూడా వున్నది. అందుకే యీ వ్యాసం.

ఫ్యాక్టరీ నుండే తొట్టితో సహా తయారై వచ్చిన మొదటి పికప్ అమెరికాలో 1925లో ఫోర్డ్ కంపెనీ వారిది. మోడల్-టి కారుకు వెనుక తొట్టి పెట్టి 281 డాలర్లకు అమ్మినారు. అంతకు ముందు రైతులు కారు కొని, వెనుక భాగం కోయించి, వడ్రంగి చేత పెట్టె చేయించుకునేవారు. మన దగ్గర కూడా కొంత కాలం యిదే పని జరిగింది. పాత అంబాసిడర్‌కు, పాత జీపుకు వెనుక భాగం తీయించి సామాను బండి చేసుకున్నవారు వుండిరి. కాబట్టి పికప్ అనేది మొదటి నుండి బీదవాని అవసరం కొద్దీ పుట్టిన బండియే.

మన ప్రాంతానికి మోటారు వచ్చిన చరిత్ర వేరు. నిజాం కాలంలో 1932లో రైల్వే శాఖ క్రింద రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైనది. కరీంనగర్ జిల్లాలో జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి తాలూకాలకు అప్పుడు రైలు లేదు. కోరుట్ల అప్పటికి మెట్‌పల్లి తాలూకాలోని ఊరు. పెద్దపల్లి నుండి జగిత్యాల మీదుగా నిజామాబాదు దాకా రైలు మార్గం పూర్తి అయ్యేసరికి 2017 వచ్చింది. అన్ని దశాబ్దాలు ఈ సీమ సరుకంతా ఎడ్ల బండి మీద, తర్వాత లారీ మీద, జీపు మీద పోయినది. రైలు లేని చోట మోటారు మెకానిక్కు విలువ ఎక్కువ. మన దగ్గర గ్యారేజీ విద్య గట్టిపడుటకు యిదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

జీపు సంగతి చెప్పకుండా పికప్ సంగతి అర్థం కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1941 నుండి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేసినవి. యుద్ధం ముగియగానే 1945లో విల్లీస్ వారు రైతుల కొరకు సిజె-2ఎ అనే జీపు విడుదల చేసినారు. దానికి వెనుక దించే తలుపు, నాగలి లాగే కొక్కెం, ఇంజను శక్తిని బయటకు తీసే షాఫ్టు అమర్చినారు. ఆ షాఫ్టుతో నీళ్ల పంపు, రంపం కూడా నడపవచ్చును. నేటి పికప్‌లకు టిప్పర్ జాకీ, తాడు చుట్టే వించ్ అమర్చే అలవాటుకు మూలం ఇక్కడ వున్నది.

ఈ జీపును మన దేశానికి తెచ్చిన కంపెనీ పేరు వెనుక ఒక ముచ్చట వున్నది, చాలామందికి తెలియదు. 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మొహమ్మద్ కలిసి పెట్టిన ఆ సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మొహమ్మద్'. గులాం మొహమ్మద్ గారు నిజాం సర్కారులో ఆర్థిక శాఖ చూసిన వ్యక్తి. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, పిదప గవర్నర్ జనరల్ అయినారు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారినది. ఎం అండ్ ఎం అనే అక్షరాలు మాత్రం అట్లే మిగిలినవి. ఆ కంపెనీ చేసిన బొలెరో పికప్‌ను నేడు మన పిల్లలు నడుపుతున్నారు.

మరొక పేరు అల్విన్. 1942లో హైదరాబాదులో పుట్టిన ఈ కంపెనీ పేరు అల్లాఉద్దీన్ అండ్ కంపెనీ అనే పేరు నుండి వచ్చినది. బస్సు బాడీలు, బీరువాలు, ఫ్రిజ్‌లు చేసినవారే 1980లలో జపాన్ నిస్సాన్ కంపెనీతో కలిసి జహీరాబాదులో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టినారు. అదే కాలంలో దేశమంతటా టొయోటా, మిత్సుబిషి, మజ్దా పేర్లతో కూడా చిన్న లారీలు వచ్చినవి. 1986లో టాటా 407 వచ్చింది. తర్వాత జహీరాబాదు ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయినది. 2005లో టాటా ఏస్ దిగిన తర్వాత ఆటో నడిపేవాడు కూడా బండికి యజమాని కాగలిగినాడు. రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, ముప్పావు టన్ను బరువు. ధర తక్కువ, ఫైనాన్స్ సులువు. మన ఊళ్లలో ఈ బండ్లు ఒక్కసారిగా పెరిగినది అప్పుడే.

ఇక మనవాళ్లు విద్య నేర్చిన తీరు చూద్దాము. పుస్తకాలు చదివి నేర్చినవారు అరుదు. పదేండ్లు, పన్నెండేండ్ల పిల్లవాణ్ణి తండ్రి తెచ్చి గ్యారేజీలో ఉస్తాద్‌కు అప్పజెప్పేవాడు. మొదట పానాలు తుడుచుట, తర్వాత గ్రీజు కొట్టుట, ఆ తర్వాత చక్రం విప్పుట. చాయ్ తెచ్చుట మాత్రం మొదటి రోజు నుండి చివరి రోజు దాకా వుండేది! స్క్రూడ్రైవరు పిడిని చెవికి, కొనను ఇంజనుకు ఆనించి లోపలి చప్పుడు వినుట ఉస్తాద్‌ల పరీక్ష. ఏ వాల్వు కొడుతున్నదో, ఏ బేరింగు అరిగినదో అట్లనే చెప్పేవారు. విల్లీస్ జీపుకు ఎడమ పక్క చక్రాల నట్లు ఉల్టా తిరుగుతవి. చక్రం తిరుగుడుకు నట్లు వదులు కాకుండా అట్ల పెట్టినారు. తెలియని షాగిర్ద్ ఎడమ చక్రం నట్టును మామూలుగా విప్పబోయి ఇంకా బిగించి, చివరకు బోల్టు విరగ్గొట్టేవాడు. ఉస్తాద్ దెబ్బ తిన్న తర్వాత ఆ పాఠం జన్మలో మరువడు. పిల్లలు బడి మానుకొని గ్యారేజీకి పోవుట మంచిదని ఎవరూ అనరు. అయితే విద్య అట్లనే చేతులు మారిందన్నది వాస్తవం.

1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత గల్ఫ్ దేశాలలో పనులు మొదలై, మన కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుండి మనుషులు బయలుదేరినారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి ఎందరో వెళ్లినారు. 1983లో వలసల చట్టం వచ్చి పాత 1922 చట్టం పోయినది. కూలీగా వెళ్లినవాడి కన్నా డ్రైవింగ్ లైసెన్సు సంపాదించినవాడి జీతం మెరుగు. అందుచేత అక్కడికి చేరిన తర్వాత స్టీరింగు పట్టాలని ప్రతి ఒక్కరి ఆశ. ఆ స్టీరింగు చాలావరకు పికప్‌దే. టొయోటా హైలక్స్ 1968లో పుట్టిన బండి. దాట్సన్ పికప్ కూడా అంతే ప్రసిద్ధి. సౌదీలో, కువైట్‌లో పికప్‌ను 'వనైత్' అని అంటారు. మనోళ్లు తిరిగి వచ్చినా నోట్లో ఆ మాట పోలేదు.

అక్కడ స్టీరింగు ఎడమ పక్కన, బండి నడిచేది రోడ్డుకు కుడి పక్కన, గేరు కుడి చేతితో వేయాలె. ఇక్కడ లారీ నడిపిన చేతికి అది కొత్త. బండి మీద అంటించిన చీటీలు అరబ్బీలో వుంటే, చిన్నప్పుడు అరబ్బీ అక్షరాలు చదువ నేర్చిన మనవాళ్లు మాట పలుకగలిగేవారు గానీ అర్థం తెలిసేది కాదు. 'హవా' అంటే గాలి అని ఉర్దూ వల్ల తెలిసిపోయేది. 'జైత్' అంటే ఆయిల్ అని ఎవరైనా చెప్పాలె.

అక్కడి ఇసుక మనోళ్లకు నేర్పిన మొదటి పాఠం నాలుగు చక్రాల లివరు. మామూలుగా హైలక్స్ వెనుక చక్రాలతో పోతుంది. ఇసుకలో ముందు చక్రాలను కూడా కలుపుతారు. పాత బండ్లలో దీనికి రెండు పనులు. కిందికి దిగి ముందు చక్రాల మధ్య వున్న గుండ్రని మూతను 'లాక్'కు తిప్పవలె, తర్వాత లోపల లివరు వేయవలె. దిగకుండానే లివరు వేసి, బండి ఎందుకు కదలడం లేదని యాక్సిలరేటరు తొక్కినవారు చాలామంది. మరొక పక్క, ఇసుక దాటి తారు రోడ్డు మీదకు వచ్చిన తర్వాత లివరు తీయక పోతే అది ఇంకా చేటు. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం, వెనుక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. ఇసుకలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు గనుక గేరు పెట్టెలో, షాఫ్టులో మెలిక పడి పళ్లు విరుగుతవి. మన దగ్గర యిప్పుడు నాలుగు చక్రాల బండ్లు కొన్న కొందరు షోకు కొరకు ఊళ్లో కూడా ఆ లివరు వేసి తిరుగుతున్నారు, అందుకే యింత వివరంగా చెప్పవలసి వచ్చినది. తక్కువ రేంజి గేరు వేయునప్పుడు బండిని పూర్తిగా నిలుపవలె.

రెండవ పాఠం గాలి. ఇసుకలో దిగే ముందు టైరులో గాలి సగం దాకా తీస్తారు, టైరు వెడల్పుగా పరుచుకొని కూరుకుపోదు. రోడ్డెక్కగానే మళ్లీ గాలి కొట్టాలె, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. ఇక ఎయిర్ క్లీనరు. దుమ్ము తుఫాను తర్వాత దాన్ని విప్పి దులుపక పోతే ఇంజనులోకి ఇసుక పోయి పిస్టన్ రింగులు అరుగుతవి. మన వడ్ల కల్లాల దగ్గర, గ్రానైటు క్వారీల దగ్గర తిరిగే బండికి కూడా ఇది వర్తిస్తుంది. గల్ఫ్ నుండి తిరిగి వచ్చినవారు ఈ విషయంలో ఇక్కడివారి కన్నా జాగ్రత్తపరులు.

పాత హైలక్స్ డీజిలు బండ్లలో లక్ష కిలోమీటర్లకు ఒక దీపం వెలిగేది. అది టైమింగ్ బెల్టు మార్చుమని చెప్పే దీపం. వెలిగినా బండి మామూలుగానే నడుస్తుంది, పొగ లేదు, చప్పుడు లేదు. అందుకే బల్బు పీకి పారవేసినవారు వుండిరి. బెల్టు తెగిన నాడు వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. దీపం అబద్ధం చెప్పుతున్నదని అనుకొనుట మనిషి స్వభావం కాబోలు.

ఇక మన గడ్డ మీద బండ్లకు జరిగే ప్రధానమైన అన్యాయం సంగతికి వస్తాను. వెనుక ఇరుసు మీద వుండే కమాన్ పట్టీలు లారీ కాలం నుండి వున్నవి. లారీ రోజులలో బరువు ఎక్కువ వేసుకొనుటకు ఒక పట్టీ అదనంగా వేయించేవారు. ఆ అలవాటు పికప్‌కు కూడా వచ్చినది. కొత్త బండి షోరూము నుండి తీసుకొని తిన్నగా పట్టీల దుకాణానికి తీసుకపోవుట ఆచారంగా మారినది. టన్నున్నర మోసే బండి మీద రెండున్నర, మూడు టన్నులు వేస్తారు. బండి కిందికి కుంగదు, చూచుటకు నిక్కంగా వుంటుంది. యజమాని సంతోషిస్తాడు.

అయితే పట్టీ బరువు మోస్తుంది గానీ బ్రేకు వేయదు. బ్రేకు డ్రమ్ము పాతదే, ఇరుసు పాతదే, టైరు పాతదే. ఇంకొక మాట చాలామందికి తెలియదు. చాలా పికప్‌లలో వెనుక ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఒక సన్నని కడ్డీ, దానికి ఒక వాల్వు వుంటుంది. బండి ఖాళీగా వున్నప్పుడు వెనుక భాగం పైకి లేచి వుంటుంది. అప్పుడు వెనుక చక్రాలకు బ్రేకు తక్కువ పంపుతుంది, ఎక్కువ పంపితే చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది గనుక. బరువు వేయగానే వెనుక భాగం కుంగి, కడ్డీ కదిలి, వాల్వు తెరుచుకొని వెనుక బ్రేకు పెరుగుతుంది. అనగా బరువు ఎంత వున్నదో ఈ వాల్వు వెనుక భాగం కుంగిన దాన్ని బట్టి తెలుసుకుంటుంది. అదనపు పట్టీ వేయించితే మూడు టన్నులు వేసినా వెనుక భాగం కుంగదు. వాల్వు బండి ఖాళీ అనుకొని వెనుక బ్రేకును తగ్గిస్తుంది. బరువు రెండింతలైన బండికి బ్రేకు సగమే! ఈ సంగతి పట్టీ వేసే దుకాణంవాడు చెప్పడు, అతనికీ తెలిసి వుండదు. పట్టీ తప్పదనుకున్నవారు కనీసం ఆ కడ్డీని తెలిసిన మెకానిక్కు చేత చూపించుకోవలె. అసలు పట్టీ వేయించక పోవుటే మేలని నా మాట.

కొండగట్టు ఘాట్ మీద 2018 సెప్టెంబరు 11న జరిగిన ఘోరం జగిత్యాల జిల్లాలో ఎవరూ మరువలేరు. అరవై మందికి పైగా చనిపోయినారు. అది పికప్ కాదు, బస్సు. అయినా దిగుడు రోడ్డు, మితికి మించిన జనం కలిసినప్పుడు ఏమవుతుందో మన కండ్ల ముందే జరిగినది. ఇప్పటికీ కూలీలను పత్తి ఏరుటకు, వరి నాట్లకు, పెళ్లి జనాన్ని ఊరేగింపుకు పికప్ తొట్టిలో నిలబెట్టి తీసుకపోతూనే వున్నారు. సామాను బండిలో మనుషులను ఎక్కించుట చట్ట విరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కు వస్తుంది, ఆ భారం ఫైనాన్సు మీద బండి కొన్న ఇంటి మీద పడుతుంది.

దిగుడులో డీజిలు మిగులుతుందని ఇంజను బంద్ చేసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఒకటి వున్నది. పాత జీపు రోజుల నుండి వచ్చిన అలవాటు ఇది. పాత జీపుకు బ్రేకు కాలి బలంతోనే పడేది, ఇంజను వున్నా లేకున్నా ఒకటే. నేటి డీజిలు పికప్‌లో ఇంజను తిప్పే చిన్న పంపు గాలిని పీల్చి బ్రేకుకు సహాయం చేస్తుంది. ఇంజను బంద్ అయితే రెండు మూడు సార్లు తొక్కేలోపల ఆ సహాయం అయిపోయి పెడల్ రాయి అవుతుంది. పవర్ స్టీరింగు కూడా బిగుసుకుంటుంది. ఎక్కిన గేరులోనే దిగవలె అని పాత లారీ డ్రైవర్లు అనే మాటలో నిజం వున్నది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది. తేమ చేరిన ఆయిలు ఘాట్ మీద వేడికి మరిగి బుడగలు కట్టి, పెడల్ నేలకు అంటుతుంది. రెండేండ్లకు ఒకసారైనా మార్చుట అవసరం. అయిపోయినప్పుడు పోయుట వేరు, మార్చుట వేరు.

డీజిలు సంగతి కూడా రెండు మాటలు. ఫిల్టరు కింద నీళ్లు చేరే గిన్నె వుంటుంది, వానకాలంలో దాని స్క్రూ వదిలి నీళ్లు తీయవలె. దారిలో డీజిలు అయిపోయి మళ్లీ పోసినప్పుడు పాత బండ్లలో చేతి పంపు కొట్టి గాలి బయటకు తీయక పోతే స్టార్టు కాదు. పొద్దున తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద చుట్టల దీపం వెలుగుతుంది, అది ఆరిన తర్వాతే సెల్ఫు కొట్టవలె. టర్బో వున్న బండి దూరం నడిచి ఆగినప్పుడు ఒక నిమిషం ఉత్తగా తిరుగనిచ్చి బంద్ చేయవలె.

2020 ఏప్రిల్ 1 నుండి దేశంలో బి.ఎస్.-6 నియమాలు వచ్చినవి. అప్పటి నుండి డీజిలు బండ్ల సైలెన్సరులో మసిని పట్టే జాలి పెట్టినారు. మసి నిండినప్పుడు బండి దాన్ని తానే కాల్చుకుంటుంది, అందుకు కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడువవలె. సిరిసిల్ల సందుల్లో కార్ఖానా నుండి కార్ఖానాకు రెండు ఫర్లాంగులు తిరిగి బంద్ చేసే బండికి ఆ అవకాశం దొరకదు. దీపం వెలుగుతుంది, పట్టించుకోరు, చివరకు బండి వేగం అందుకోదు, షోరూమువారు వేలల్లో బిల్లు వేస్తారు. వారానికి ఒకసారి కరీంనగర్ రోడ్డు మీద అరగంట సేపు సాఫీగా నడిపితే చాలావరకు ఈ బాధ వుండదు. 2017 నుండి కొన్నేండ్లు ప్రభుత్వం సిరిసిల్లలో బతుకమ్మ చీరలు నేయించినప్పుడు ఆ బేళ్లు మోసి కొత్త బండ్లు కొన్నవారిలో కొందరు పాత విద్యతోనే ఈ కొత్త బండిని నడుపుతున్నారు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించి వినే ఉస్తాద్‌కు ఈ జాలి సంగతి వినిపించదు. కంప్యూటరు తగిలించి చూసే పిల్లవానికి పట్టీ సంగతి తెలియదు. గ్యారేజీ పిల్లలకు ఐ.టి.ఐ.లో సీటు ఇప్పించుటకు, ఐ.టి.ఐ. పిల్లలను ఉస్తాద్‌ల దగ్గర కొన్నాళ్లు కూర్చోబెట్టుటకు మన పెద్దలు ఆలోచించితే బాగుండును.

లైసెన్సు గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి అదీ వ్రాస్తున్నాను. మామూలు కారు లైసెన్సు, అనగా ఎల్.ఎం.వి., వున్నవాడు సామాను బండి నడుపవచ్చునా అని ఏండ్ల తరబడి కోర్టులలో వాదం నడిచినది. ఇన్సూరెన్సు కంపెనీలు దీన్ని పట్టుకొని పరిహారం నిరాకరించేవి. 7,500 కిలోల లోపు బండి అయితే నడుపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. దానినే 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఖాయం చేసినది. 7,500 కిలోలు అనేది బండి, బరువు కలిపి లెక్క. మన పికప్‌లన్నీ ఈ లోపలనే వస్తవి.

గల్ఫ్‌లో మనోళ్లు నడిపిన బండి చివరకు మన దేశానికి కూడా వచ్చింది. 2016లో మన తెలుగు గడ్డ మీదనే శ్రీసిటీలో ఇసుజు పికప్‌ల ఫ్యాక్టరీ ప్రారంభమైనది. 2022లో హైలక్స్ కూడా మన దేశంలో అమ్మకానికి వచ్చినది. అయితే వాటి ధర కారు ధరను మించినది, షోకు కొన్నవారే ఎక్కువ. పదిహేను, ఇరవై ఏండ్లు వనైత్ నడిపి వచ్చినవాడు ఇక్కడ కొనేది మాత్రం ఏస్ లేదా బొలెరోనే. షోరూములో తాళం చేతులతో పాటు ఇచ్చే చిన్న పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలోనే వుంచి డాష్‌బోర్డు పెట్టెలో పారవేస్తాడు. బండికి ఎంత బరువు వేయవచ్చునో, టైరుకు ఎంత గాలి వుండవలెనో, ఏ దీపం వెలిగితే ఏమి చేయవలెనో అందులోనే వున్నది. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో కాలేజీకి పోయే పిల్లో, పిల్లవాడో వుంటారు, వారి చేత ఒక సాయంత్రం చదివించుకోవచ్చును.